మీ ప్రశ్నలు – మా జవాబులు: ఆనకట్ట దొర, వీరన్నగారు, సీతమ్మగారు

ప్రశ్న (అంబాజీపేట నుండి ఒక పాఠకుడు): మా కోనసీమలో ఎటు వెళ్ళినా కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. దవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట కట్టడంలో మనవాళ్ళ చెయ్యి ఏమీ లేదా? జనం ఆకలి చూసి జాలిపడే ఈస్టిండియా కంపెనీవారు అంత డబ్బు ఖర్చు పెట్టారా?

జవాబు: మీ రెండో సందేహాన్ని ముందు తీసుకుంటాను. కంపెనీ లెక్కల ప్రకారం 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. ఇరవై ఏళ్ళు గడిచి 1841 వచ్చేసరికి అది 5,61,041కి పడిపోయింది. 1832–33 నాటి నందన కరవు, 1839లో కోరంగి మీద విరుచుకుపడిన ఉప్పెన, వానలు మొహం చాటేసిన ఏళ్ళు, ఊళ్ళకు ఊళ్ళు వలసపోవడం, అన్నీ ఆ రెండు అంకెల నడుమ దాగి ఉన్నాయి. నది నిండుగా ప్రవహించి సముద్రంలో కలిసిపోతున్నా గట్టుకు ఇవతల చేలు ఎండేవి. జనం తగ్గితే శిస్తు తగ్గుతుంది. శిస్తు తగ్గిన తరువాతనే మద్రాసు ప్రభుత్వం ఈ జిల్లా వైపు తల తిప్పింది. కాటన్‌కు జాలి లేదని నేననను, అతని రాతల్లో అది దండిగానే కనిపిస్తుంది. కాని జాలి కబుర్లకు పైవాళ్ళు కరగరని ఎరిగినవాడు కనుక, 1840ల నడుమ పంపిన నివేదికల్లో పెట్టిన రూపాయికి ఎంత రాబడి తిరిగి వస్తుందో లెక్క కట్టి చూపించాడు. ఒప్పించింది ఆ లెక్కే. గోదావరి స్నాన సంకల్పంలో అతన్ని భగీరథుడని తలచుకునే పురోహితులు ఈనాటికీ ఉన్నారు. అందులో నాకు అభ్యంతరమేమీ కనిపించదు, ఆ పుణ్యంలో కంపెనీకి కూడా వాటా రాయకపోతే చాలు.

ఇక మనవాళ్ళ చెయ్యి గురించి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట ఒకే గోడ కాదు. నడిమి లంకలు నదిని చీల్చినచోట దవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా దానిని కట్టారు. అడుగున రాతినేల దొరకదు, ఎంత తవ్వినా ఇసుకే. ఇసుక మీద అంత బరువు నిలబెట్టే కిటుకు కాటన్ తన దేశం నుండి తెచ్చుకున్నది కాదు. అంతకుముందు కావేరి పనుల్లో ఉన్నప్పుడు, చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట ఇసుక మీద ఎలా నిలిచి ఉందో చూసి నేర్చుకున్నాడు, ఆ అప్పును తానే రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు కూడా. కనుక మనవాళ్ళ పాత్ర దవళేశ్వరంలో మొదటి రాయి పడకముందే మొదలైందని చెప్పాలి.

రెండో సంగతి వీణెం వీరన్నగారు. సబ్ ఇంజనీరుగా కాటన్‌కు కుడిభుజమై పనిచేసి, తరువాత రాయబహద్దూర్ బిరుదు పొందిన మనిషి. నదిలో నీరు తగ్గిన నెలల్లోనే పని సాగాలి, వరద వచ్చేలోగా ఒక మట్టానికి తేవాలి, లేకపోతే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. అలాంటి పనికి పటాలు గీసేవాడు ఎంత అవసరమో, వేలమంది కూలీలను కూడగట్టి, వాళ్ళ భాషలో వాళ్ళకు నచ్చజెప్పి, పని పంచి పెట్టేవాడు అంతే అవసరం. నడుమ కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్ళినప్పుడు కెప్టెన్ ఓర్ బాధ్యత తీసుకున్నాడు, పని ఆగలేదు. ఒక్క మనిషి మీద నిలబడిన పని అయితే అప్పుడే ఆగిపోవాలి. దవళేశ్వరం కొండ రాయిని పగలగొట్టి పడవల్లోకి ఎత్తిన పదివేల పైచిలుకు కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. దొర విగ్రహాలను తగ్గించమని నేననను, ఆ వరుసలో వీరన్నగారికి రావలసిన చోటు మాత్రం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

ప్రశ్న (మండపేట నుండి ఒక పాఠకురాలు): డొక్కా సీతమ్మగారు మా ఊరి ఆడపడుచని పెద్దలు చెబుతారు. నిజమేనా? అన్నం పెట్టిన తల్లి పేరును కాలువ వంతెనకు పెట్టడమేమిటి?

జవాబు: నిజమేనమ్మా. సీతమ్మగారు 1841లో మీ మండపేటలోనే పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. వచ్చినవారికల్లా బువ్వ పెట్టేవారు గనుక జనం ఆయనను బువ్వన్నగారనే పిలిచేవారు. లంకల గన్నవరం కాపురస్తులైన డొక్కా జోగన్నగారు ఒకసారి ఆ ఇంట భోజనానికి ఆగి, ఆ పిల్ల వడ్డన చూసి ముచ్చటపడి పెళ్ళి చేసుకున్నారని చెప్పుకుంటారు. అత్తవారిల్లు లంకల నడుమ. ఇప్పటిలా వంతెనలు లేని రోజులు, ఈ రేవు నుండి ఆ రేవుకు పడవ దొరికేదాకా బాటసారి గట్టున కూర్చోవలసిందే. పడవ దాటి వేళకాని వేళ ఊళ్ళోకి వచ్చినవాడికి పూటకూళ్ళ ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆమె ఇంటి పొయ్యి ఆరకపోవడానికి ఆమె మనసు ఎంత కారణమో, ఆ రేవుల భూగోళమూ అంత కారణమని నేననుకుంటాను. కులమడగకుండా, వేళ చూడకుండా పెట్టారు.

ఆమె గురించిన కథల్లో నాకు ఎక్కువ నచ్చేది అంతర్వేది ప్రయాణం. జీవితంలో ఒక్కసారైనా నరసింహస్వామిని చూడాలని ఆమె పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆగినచోట ఒక పెళ్ళివారి గుంపు, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను ‘ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారి ఇంటికి వెళ్ళగానే అన్నం తిందురుగాని’ అని సముదాయించడం చెవిన పడింది. ఆమె బోయీలను వెనక్కి తిప్పించి, వాళ్ళకన్నా ముందు ఇల్లు చేరి, ఎసరు పెట్టించారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వచ్చినా వెళ్ళలేదన్న కథనే పత్రికలు ఎక్కువగా రాస్తాయి. నా మట్టుకు చక్రవర్తి పిలుపును కాదనడం కంటే, కోరికోరి బయలుదేరిన దేవుడి దర్శనాన్ని సగం దారిలో వదులుకోవడమే కష్టం. ఆమె 1909లో కన్నుమూశారు.

ఇక వంతెన. పి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద, నాగరం లంక చేలకు కాలువ నీరు అందించడానికి 1851–52లో లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో ఒక అక్విడక్టు, అంటే కాలువను నది మీదుగా దాటించే వంతెన, కట్టారు. నలభై అడుగుల వెడల్పున్న 49 ఖానాలు (తోరణాలు), మొత్తం పొడవు 2,248 అడుగులు. శ్రావణ భాద్రపదాల్లో ఒకసారి అక్కడికి వెళ్ళి నిలబడి చూడండి: కింద ఎర్రటి వరద నీరు సముద్రం వైపు పరుగులు తీస్తుంటుంది, దానికి అడ్డంగా తలపైన కాలువ నీరు తన దారిన తాను నెమ్మదిగా లంకకు పోతుంటుంది. నది మీద ఇంకో నది నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ పాత కట్టడం పక్కనే 2000 నాటికి కట్టిన కొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె కాపురమున్న లంకల గన్నవరం దానికి దగ్గరే. పైగా అంతమందికి వండి వార్చాలంటే ధాన్యం కావాలి, ధాన్యానికి నీరు కావాలి. ఈ మధ్య మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టారు.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుండి ఒక విద్యార్థి): కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంస్కరణలకు, గోదావరి కాలువలకు సంబంధం ఉందని ఒక సభలో విన్నాను. ఇది అతిశయోక్తి కాదా?

జవాబు: కాలువ తవ్వినంత మాత్రాన వితంతు వివాహాలు జరగవు, ఆ మేరకు అతిశయోక్తే. కాని కొట్టిపారేయవద్దు. పంతులుగారు 1874లో ఆడపిల్లల బడి పెట్టింది ఆనకట్ట వల్ల పెరిగిన దవళేశ్వరంలోనే. అప్పుడు ఆయన ఆ ఊళ్ళో ప్రధానోపాధ్యాయులు. వితంతు వివాహాలకు పదివేల రూపాయలతో అండగా నిలిచిన పైడా రామకృష్ణయ్యగారు కాకినాడ వర్తకులు. డెల్టా సరకు కాలువ పడవల్లో ఆ రేవుకు చేరేది. ఆ డబ్బు లేకపోతే పంతులుగారి పట్టుదల మాత్రం ఎంతకాలం నిలిచేదో చెప్పలేను.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారి ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిగింది. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్ళి, తానే నీళ్ళు తెచ్చి, పెళ్ళివారందరికీ తానే వండి వడ్డించారు.