ఒకే పాటకి రెండు మిక్సులెందుకు?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మావయ్య సౌండ్ సర్వీస్‌లో పని చేస్తున్నాను. జాతరలకి, పెళ్లిళ్లకి బాక్సులు కట్టేదీ పాటలు వేసేదీ నేనే. ఈమధ్య 'ట్రైబల్ ట్రాన్స్' అని ఒక కొత్త సింగిల్ వచ్చింది, ఒరిజినల్ కాక ఆల్టర్నేట్ మిక్స్ అని ఇంకోటి కూడా ఇచ్చారు. ఫోన్‌లో వింటే రెండూ ఒకలాగే ఉన్నాయి. రీమిక్స్ అంటే ఇదేనా? మా ఊరి పండగలో ఏది వెయ్యమంటారు?

జవాబు: ఆల్టర్నేట్ మిక్సే వెయ్యండి. ముందు మాత్రం ఫోన్ పక్కన పెట్టి మీ బాక్సుల మీద ఒకసారి వినండి. ట్రాన్స్ అంటే కంప్యూటర్ మీద కట్టే ఒక రకం డాన్స్ సంగీతం. అందులో కిక్ (దిమ్మని పడే డ్రమ్ము దెబ్బ), బేస్ (అడుగున మోగే లోతైన సౌండ్) బలం చాలావరకు 100 హెర్ట్జ్ కిందే ఉంటుంది, చిన్న ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగి పలకలేదు. అందుకే మీకు తేడా తెలియలేదు.

ఒరిజినల్‌లో మొదటి నుంచీ కిక్ ఉంది, నిమిషానికి 138 దెబ్బలు. కిక్ పడ్డ ప్రతిసారీ మిగతా సౌండ్ ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తుంది. దాన్ని సైడ్‌చెయిన్ అంటారు, ఆ ఊగుడు దానివల్లే. బాగానే ఉంటుంది, కాదనను. కానీ డోలు దాని కింద నలిగిపోయింది, పైగా ప్రతి దెబ్బనీ కంప్యూటర్‌లో క్వాంటైజ్ చేసి సరిగ్గా గీత మీదకి లాగేశారు. మన వైపు తప్పెటగుళ్లు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? గుండె మీద గుండ్రటి తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ ఎగురుతారు. కాలి గజ్జె చప్పుడూ, తప్పెట మీద వేలు పడే చప్పుడూ కలిసీ కలవనట్టుంటాయి, వెంట్రుకవాసి ముందూ వెనకా. చూసేవాళ్ల ఒళ్లు ఊగేది ఆ సందులోనే.

ఆల్టర్నేట్ మిక్స్‌లో ఆ సందుని చెడగొట్టకుండా వదిలేశారు. మొదట 32 బార్లు, అంటే నాలుగేసి చొప్పున 128 దెబ్బలు, ఈ వేగంలో దగ్గర దగ్గర 56 సెకన్లు, డోలు ఒక్కటే. మీకు పనికొచ్చేదీ అదే, ముందు పాట అవుతుండగా దీన్ని కింద నుంచి తెచ్చి కలుపుకోవచ్చు. ఆ తర్వాత గానీ కిక్ రాదు. అసలు ట్రాన్స్ అనే మాటకి మన మాటలో అర్థం పూనకమే కదా. పైడితల్లి అమ్మవారి పండగకి విజయనగరం వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, పూనకం ఒక్క దెబ్బకి రాదు, డప్పు ఎక్కించుకుంటూ పోతే వస్తుంది.

రీమిక్స్ వేరు. మామూలుగా ఇంకొకరు ఆ పాట తీసుకుని తమ పద్ధతిలో మళ్లీ కడితే రీమిక్స్. పాట చేసినవాళ్లే అవే ట్రాకుల్ని వేరే పాళ్లలో కలిపితే ఆల్టర్నేట్ మిక్స్.

ప్రశ్న: అదే పాట నేనూ విన్నాను. ట్రైబల్ అన్నారు కాబట్టి మన సవరల డోలేనా అది? (ఆమదాలవలస నుంచి)

జవాబు: కాదండీ. నా చెవికి అది జెంబే, పశ్చిమ ఆఫ్రికా వాయిద్యం, మేక తోలు బిగించి ఒట్టి చేతులతో వాయిస్తారు. అదీ గొప్ప వాయిద్యమే, దాన్ని జెంబే అనే చెప్పి ఉంటే నాకు ఏ బాధా లేదు. ఎక్కడి డోలునైనా ట్రైబల్ అని ఒకే సంచిలో వేసెయ్యడమే నచ్చలేదు. సీతంపేట కొండల్లో సవరలకి వాళ్ల భాష ఉంది, 1936లో మాంగేయి గొమాంగో వాళ్ల భాషకి లిపి కూడా తయారు చేశారు. అరకు వైపు గిరిజనుల థింసా ఆటకి తుడుము, డప్పు, కిరిడి, మోరి అనే వాయిద్యాలు ఉన్నాయి. వీటిలో ఒక్కటైనా ఆ పాటలో వినపడలేదు.

డప్పుని గడ్డిమంట దగ్గర కాస్తే గానీ గొంతు విప్పదు, వేడి తగ్గేకొద్దీ తోలు సడలి సౌండ్ మారిపోతుంది, మళ్లీ కాస్తారు. కొనుక్కున్న శాంపిల్‌లో, అంటే ముందే రికార్డు చేసి అమ్మే సౌండ్ ముక్కలో, ఒకే దెబ్బ వెయ్యిసార్లు ఒకేలా పలుకుతుంది. ఎవరైనా కొండ మీదకి వెళ్లి, వాయించేవాళ్లకి సరైన డబ్బిచ్చి రికార్డు చేసి, వాళ్ల పేర్లు పాట కింద వేసి ట్రాన్స్ చేస్తే ఈ పేజీ అంతా దానికే ఇస్తాను. అప్పుడు ఏ మిక్సూ అడగను, ముందు కిక్ కలపని ఆ రికార్డింగే వినిపించమంటాను.