బ్యాంకు కౌంటరులో కూర్చోబోయే అమ్మాయికి ఏ మాటలు రావాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం చివరి సంవత్సరం చదువుతూ బ్యాంకు క్లర్కు పరీక్షలకు సిద్ధమవుతోంది. లెక్కల్లో దిట్ట, కానీ కొత్తవారి ముందు నోరు విప్పదు. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పిస్తే సరిపోతుందా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: క్లర్కు నియామకానికి ఇంటర్వ్యూ లేదు. ప్రిలిమ్స్, మెయిన్స్ గట్టెక్కి, దరఖాస్తు చేసిన రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం వస్తే చాలు. కాబట్టి మొహమాటం వల్ల ఉద్యోగం చేజారుతుందన్న బెంగ మీకు వద్దు. అయితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఆ మొహమాటం ఇబ్బంది పెడుతుంది.

నవంబరులో ఏ బ్యాంకు శాఖకైనా వెళ్లి చూడండి. లైఫ్ సర్టిఫికెట్ (తాము జీవించి ఉన్నామని తెలిపే ధ్రువపత్రం) ఇవ్వడానికి వచ్చిన పింఛనుదారులు వరుసలో ఉంటారు. వయసుతో వేళ్ల గీతలు అరిగిపోయిన వారి వేలిముద్రను యంత్రం చాలాసార్లు గుర్తించదు. ‘పడటం లేదు, రేపు రండి’ అంటే ఆ పెద్దాయన తనదే ఏదో పొరపాటనుకుని వెనుదిరుగుతారు. ‘సార్, గీతలు అరిగితే యంత్రం పట్టదు, మీ తప్పేమీ లేదు, ఇంకో వేలు పెట్టి చూద్దాం, అదీ కాకపోతే ఫోనులో ముఖం చూపించి చేయవచ్చు’ అంటే ఆయనకు కారణమూ తెలుస్తుంది, తర్వాత ఏం చేయాలో కూడా తెలుస్తుంది. మీ అమ్మాయి నేర్చుకోవలసింది ఇలా జవాబు చెప్పడమే, దీనికి ఇంగ్లిష్‌తో పని లేదు.

అంతకంటే ముందు వినడం అలవడాలి. ‘నా డబ్బులు పోయాయి’ అని ఎవరైనా కంగారుగా వస్తే, ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో మొత్తం తగ్గి ఉండవచ్చు, లేదా ఎవరో మోసగాడు కాజేసి ఉండవచ్చు. మొదటిదైతే ఫిర్యాదు నమోదు చేస్తే సరిపోతుంది. రెండోదైతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా కార్డునూ ఆన్‌లైన్ లావాదేవీలనూ నిలిపివేసి, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయించాలి. అందుకే విన్నదాన్ని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి, ‘ఇదేనా అండీ?’ అని అడిగి నిర్ధారించుకోవడం మర్యాద కోసం మాత్రమే కాదు, ఖాతాదారు సొమ్ము కాపాడటానికి కూడా.

సాధన ఇంట్లోనే మొదలుపెట్టండి. రోజూ కాసేపు మీరే ఖాతాదారుగా కూర్చుని, ఒకరోజు కోపంతోనూ, ఇంకోరోజు చెవి సరిగా వినబడనట్టుగానూ మాట్లాడండి. ఆమె జవాబులను ఫోనులో రికార్డు చేసి, ఎక్కడ తడబడిందో ఆమెనే విని చెప్పమనండి. మీరు మాత్రం మధ్యలో తప్పులు పట్టకండి, మొహమాటస్తులు దానితోనే మరింత ముడుచుకుపోతారు. సెలవుల్లో తెలిసినవారి మందుల షాపులోనో బట్టల దుకాణంలోనో కౌంటరు దగ్గర కొన్నాళ్లు నిలబడే వీలుంటే ఇంకా మంచిది.

ఇక భాష సంగతి. పాతబస్తీ శాఖలో పోస్టింగు పడితే ఇంగ్లిష్ కంటే ముందు ఉర్దూ, హిందీ మాటలే అక్కరకొస్తాయి. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష కూడా. అమీర్‌పేట కోర్సు వద్దనను, పదోన్నతులకూ ఉత్తరప్రత్యుత్తరాలకూ ఇంగ్లిష్ పనికొస్తుంది. కానీ మెయిన్స్ ముగిసే వరకు దాన్ని వాయిదా వేసి, ఈలోగా ఆ సమయాన్ని ఇంటి సాధనకూ హిందీ సంభాషణకూ కేటాయించమని నా సలహా.