సైబర్ సెక్యూరిటీ ప్రపోజల్‌లో ‘సామాజిక ప్రభావం’ అంటే ఏం రాయాలి?

మీరు అడిగింది ఇది: పీహెచ్‌డీ ప్రపోజల్‌లో "ఈ పరిశోధన వల్ల సమాజంపై ప్రభావం" అని ఒక పేజీ రాయమన్నారు. "ఆన్‌లైన్ మోసాలు తగ్గుతాయి, దేశ భద్రత పెరుగుతుంది" అని రెండు వాక్యాలు రాశాక పెన్ను కదలడం లేదు. దీన్ని అంచనా వేయడం ఎలా అని. ఎంటెక్‌లో నేనూ మొదట దాదాపు ఆ రెండు వాక్యాలే రాసి చేతులు దులుపుకున్నాను. నా ప్రాజెక్టు నకిలీ వేలిముద్రల్ని పట్టుకోవడం మీద. అది ఎక్కడ బోల్తా కొట్టిందో చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

ఈ సమస్య పాతది. 2002లోనే జపాన్‌లో మత్సుమొతో బృందం జెలటిన్‌తో, అంటే మిఠాయిల్లో వాడే సరుకుతో, వేళ్లు పోతపోసి 11 రకాల వేలిముద్ర పరికరాలను బురిడీ కొట్టించి చూపించింది. ఆ తర్వాత వచ్చిన పేపర్లకు లెక్కలేదు, మాది వాటి వెనక ఒక చిన్న తోక. జిగురుతో నకిలీ వేళ్లు చేయడం, స్కాన్ చేయడం, అసలువేవో నకిలీవేవో ఒక కంప్యూటర్ మోడల్‌కి నేర్పడం. మా డిపార్ట్‌మెంట్‌లో ఫెవికాల్ డబ్బాలకు బిల్లు పెట్టిన మొదటి స్టూడెంట్‌ని నేనే అయ్యుంటాను.

మరి అసలు వేళ్లు ఎవరివి? హాస్టల్ వాళ్లవి. ఇరవై రెండేళ్ల వయసు, పెన్నూ ఫోనూ తప్ప ఇంకేదీ పట్టని వేళ్లు.

ఈ పనిలో తప్పులు రెండు రకాలు. నకిలీని అసలనుకోవడం ఒకటి, అసలుని నకిలీ అనుకోవడం రెండోది. పేరు తెచ్చేది మొదటిదాన్ని తగ్గిస్తేనే, కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. రెండో తప్పు మాకు వందకి మూడో నాలుగో వచ్చింది. గైడ్ "బాగానే ఉందిగా" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

దసరాకి జగిత్యాల దగ్గర మా ఊరికి వెళ్తూ స్కానర్ వెంట తీసుకెళ్లాను. పరిశోధన కోసమేం కాదు, గొప్ప చూపించుకోవడానికి. మా బాపమ్మ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచే పని. రోజుకు వెయ్యి బీడీలు దాటించిన చేతులు. "వేలు పెట్టు బాపమ్మా" అంటే నవ్వి, "ఇది నా వేలు కాదంటది సూడు బిడ్డా" అంది. పెట్టింది. గీతలు ఉండాల్సిన చోట స్క్రీన్ మీద మబ్బు పట్టినట్టు కనిపించింది. మోడల్ "నకిలీ" అని తేల్చేసింది.

కారణం తర్వాత అర్థమైంది. జిగురుతో చేసిన వేళ్ల మీద గీతలు అక్కడక్కడా తెగి, పలచబడి ఉంటాయి. హాస్టల్ వేళ్లతో పోల్చి నేర్చుకున్న మోడల్‌కి "గీతలు అరిగితే నకిలీ" అన్నదే బుర్రకెక్కింది. మా వాకిట్లో చేటలు ఒళ్లో పెట్టుకుని పదకొండు మంది ఆడవాళ్లు కూర్చుని ఉంటే అందరి చేతా వేలు పెట్టించాను. ఐదుగురివి నకిలీ అంది. వందకి మూడో నాలుగో అన్న అంకె అబద్ధం కాదు, కానీ అది హాస్టల్ అంకె.

అంతకన్నా పెద్ద విషయం, మిషన్ కాదన్నాక ఏమవుతుంది అన్నది. హాస్టల్ కుర్రాడైతే ఇంకోసారి వేలు పెడతాడు, లేదా పిన్ నంబరు కొడతాడు. బాపమ్మకి పింఛన్ ఇచ్చే చోట "చెయ్యి కడుక్కుని రా", "నూనె రాసుకుని రా", చివరికి "రేపు రా" అంటారు. ఆటో చార్జీ పోయింది, ఆ పూట చుట్టాల్సిన బీడీలు పోయాయి. కూలీ వెయ్యి బీడీలకు ఇంత అని కాబట్టి ఆ నష్టాన్ని రూపాయల్లో లెక్కగట్టొచ్చు కూడా. నేను చదివిన పేపర్లలో దానికి ఒక కాలమ్ కనపడలేదు.

అలాగని నకిలీ వేళ్ల గోల ఉత్తదేం కాదు. 2018లో మా పక్క పెద్దపల్లి జిల్లాలోనే ఒక సిమ్ కార్డుల వ్యాపారి, వెబ్‌సైట్‌లో పెట్టిన భూమి రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపు చేసినట్టు వేళ్లు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ వార్త చదివి నాకు సిగ్గేసింది. మేం సెన్సర్‌ని ఎలా మోసం చేస్తారో చూస్తూ కూర్చున్నాం. అసలు ముద్రలు బయటికి పోతున్నది పత్రాల పీడీఎఫ్‌ల నుంచి. చేసింది హుడీ వేసుకున్న హ్యాకర్ కాదు, సిమ్ కార్డుల టార్గెట్ నెత్తిన ఉన్న దుకాణదారు. మీ ప్రపోజల్‌లో "దాడి చేసేవాడు" అని రాసేటప్పుడు ఇలాంటి మనిషిని ఊహించుకోండి.

మా మేనమామకీ ఇలాంటిదే జరిగింది. ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతి ఉంది కదా, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ లేకుండా డబ్బు వచ్చేస్తుంది. ఒకేసారికి గరిష్ఠం 10,000 రూపాయలు. ఆయన ఖాతాలో సరిగ్గా అంతే పోయింది. ముద్ర ఎక్కడి నుంచి పోయిందో ఎవరూ తేల్చలేదు. 1930కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు పట్టుకుని మూడు నెలలు తిరిగితే డబ్బు వెనక్కి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, ముద్రలో గీతలు ఆగే, చీలే బిందువులతో పాటు వేలి బొమ్మను కూడా చూసి అది సజీవమైన వేలేనా అని పరీక్షించే పద్ధతి తెచ్చింది. మేనమామకి అది మంచి కబురు. బాపమ్మ వేలు దానికి ఎలా కనిపిస్తుందా అన్నదే నాకు టెన్షన్.

"బయోమెట్రిక్ లాక్ చేసుకుంటే పోలా?" అని ఫ్రెండ్స్ అన్నారు, అంటే ఆధార్‌లో వేలిముద్ర ఎవరూ వాడకుండా తాళం వేయడం. ప్రయత్నించాను. లాక్‌కి ఓటీపీ కావాలి. ఆధార్‌కి లింకైన నంబరు చిన్నాయనది. చిన్నాయన దుబాయ్‌లో ఉంటాడు. పోనీ ఎలాగో లాక్ చేశామనుకోండి, నెలనెలా పింఛన్ రోజున తియ్యాలి, మళ్లీ వెయ్యాలి. ప్రతిసారీ దుబాయ్‌కి ఫోను, అక్కడ ఆయన డ్యూటీలో ఉంటే అంతే సంగతులు. కాగితం మీద చక్కగా కనిపించే పరిష్కారం మా ఇంట్లో ఒక్క నెల కూడా నడిచేది కాదు.

మీ పేజీకి పునాదిగా పట్టుకోదగ్గది మెన్లో రిపోర్ట్, 2012లో అమెరికాలో వచ్చింది. కంప్యూటర్ పరిశోధనల నైతికత మీద రాసినది, చిన్నదే. అందులో న్యాయం అన్న సూత్రం ఉంది: లాభం ఎవరికి, భారం ఎవరిపై అని విడివిడిగా చూడమంటుంది. నాకు పనికొచ్చింది అదొక్కటే. మా ప్రాజెక్టులో లాభం ఖాతాలో డబ్బున్న మేనమామకి, భారం బాపమ్మకి. ఆ రెండు పేర్లు పక్కపక్కన పెట్టాకే నా పేజీ ముందుకు కదిలింది.

"నాది కోడ్ మీద పని, మనుషులతో సంబంధం లేదు" అంటారేమో. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లూ అదే అనుకున్నారు. లోపాలున్న ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌కి కావాలని పంపి, ఎవరైనా పట్టుకుంటారా అని చూశారు. మనుషులపై పరిశోధన కాదని వాళ్ల ఎథిక్స్ బోర్డు మినహాయింపు ఇచ్చింది. వాటిని చదివి సమీక్షించేది మనుషులే కదా! 2021లో యూనివర్సిటీ మొత్తాన్ని కెర్నల్ నుంచి బహిష్కరించారు.

మీ మీద పడే ప్రభావం కూడా రాయండి, దాన్ని చాలామంది వదిలేస్తారు. 2010లో హైదరాబాద్‌కు చెందిన హరి ప్రసాద్, ఇతర దేశాల పరిశోధకులతో కలిసి ఈవీఎం బలహీనతలు చూపించాక, పరీక్షించిన యంత్రం ఎక్కడిదన్న కేసులో అరెస్టయ్యారు. మన ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు అనుమతి లేకుండా సిస్టమ్‌ను తాకితే ఏమవుతుందో చెబుతాయి, సదుద్దేశంతో లోపం వెతికినవాడికి విడిగా రక్షణ చెప్పవు. లోపం దొరికితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి ఎలా తెలియజేస్తారో, ఎన్నాళ్లు ఆగుతారో ముందే రాసి పెట్టుకోండి.

ఇక మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ టెక్నాలజీ వాడుకలోకి వస్తే అది ఏ కౌంటర్ దగ్గర కూర్చుంటుందో కనుక్కుని, అక్కడ ఒక రోజంతా కూర్చోండి. రేషన్ షాపో, మీ సేవో, బ్యాంకు మిత్ర బల్లో ఏదైనా సరే. ఎంతమంది వేలిని మిషన్ ఎన్నోసారికి ఒప్పుకుంది, వెనక్కి వెళ్లినవాళ్లు ఏ పని చేసేవాళ్లు, మళ్లీ వచ్చారా అని రాసుకోండి. కౌంటర్‌లో ఉన్నతన్ని టీకి తీసుకెళ్తే, మిషన్ మొరాయిస్తే తాను చేసే చిట్కాలన్నీ చెబుతాడు. వాటిలో సగం మీ సెక్యూరిటీకి గండి కొట్టేవే, కాబట్టి అవీ మీకు డేటానే.

వాకిట్లో తీసిన ఆ పదకొండు మంది లెక్కను నేను థీసిస్‌లో టేబుల్‌గా పెట్టాను. శాంపిల్ చిన్నదని గైడ్ అనుబంధంలోకి తోయమన్నారు. ఆయన మాటా నిజమే, తోశాను. బాపమ్మ మాత్రం ఆ పేజీ ఫొటో తీయించుకుంది, అందులో తన వరుస ఏదో వేలు పెట్టి చూపించమని.