రొయ్యలు పడనివాళ్లు నాచు సీరమ్ వాడొచ్చా?

రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయి, సముద్రపు నాచు సీరమ్ రాసుకోవచ్చా అని అడిగారు కదా. రెండూ సముద్రంలో దొరుకుతాయన్న మాటే గానీ నాచుకీ రొయ్యకీ చుట్టరికం లేదండీ. మీరు చూడాల్సింది సీసా వెనక సన్న అక్షరాలు. కైటోసాన్ అని ఉంటే అది ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీసిందే. ఎలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ప్రధానంగా రొయ్య కండలో ఉంటుంది, పెంకులో కాదు. అయినా మీ ఒంటి మీద ప్రయోగం ఎందుకు, వదిలేయండి. మెరైన్ కొల్లాజెన్ అని ఉంటే అది ఎక్కువగా చేప చర్మం, పొలుసులది, రొయ్యది కాదు (ముడతలు పోతాయంటే నమ్మకండి, పైన తేమ పట్టి ఉంచుతుంది, అంతే).

నాచు సీరమైనా మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, 7 రోజులు రాసి చూడండి. దురద పుడితే కడిగేసి ఆపేయండి. రొయ్యలు తిన్నాక ఎప్పుడైనా ఊపిరాడక ఇబ్బంది పడి ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి.