మీ తొట్టికి వచ్చింది రొయ్యల వైట్ స్పాట్ కాదు

ప్రశ్న: మాది కావలి. రెండడుగుల తొట్టిలో గోల్డ్ ఫిష్ పెంచుతున్నాం. మొన్నటి తుఫాను వానల తర్వాత కొత్త చేపను తెచ్చి వాటితో కలిపాం. వారం తిరక్కుండా అన్నిటి ఒంటి మీదా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చాయి. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. షాపులో ఇచ్చిన మిథిలీన్ బ్లూ మూడు రోజులు వేస్తే చుక్కలు పోయాయి, మందు ఆపేశాం. మళ్లీ అంతకు రెట్టింపు వచ్చాయి. మా మరిదికి రొయ్యల గుంటలున్నాయి. 'ఇది వైట్ స్పాట్ వదినా, అన్నీ తీసేసి బ్లీచింగ్ కొట్టాల్సిందే' అంటున్నాడు. పిల్లలు ఒకటే ఏడుపు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: మీ మరిది భయం ఊరికే వచ్చింది కాదమ్మా. 1994, 95లలో వైట్ స్పాట్ దెబ్బకు టైగర్ రొయ్య వేసినవాళ్లు ఎందరో అప్పులపాలైన తీరం మనది. నెల్లూరులో ఆక్వా ల్యాబ్ పని చేసే నాకు కూడా ఆ పేరు వింటే ఇప్పటికీ టెన్షనే. కానీ అది వైరస్. రొయ్యలకు, పీతలకు వస్తుంది, చేపలకు రాదు. దానికి మందు లేదు. మీ చేపల మీద ఉన్నది 'ఇక్' అనే ఏకకణ పరాన్నజీవి. ఇది లొంగుతుంది. బ్లీచింగ్ డబ్బా గుంటల దగ్గరే ఉంచమనండి.

చుక్కలు పోతే జబ్బు పోయినట్టు కాదు, అక్కడే అందరూ ఆగిపోతారు. ఈ క్రిమి చేప చర్మం కింద దాక్కుని తింటుంది. అప్పుడు ఏ మందూ దాన్ని తాకదు. బలిశాక తనంతట తానే రాలి అడుగుకు చేరి, గూడు కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ నీళ్లలో ఈదే ఒకటి రెండు రోజుల్లోనే మనకు చిక్కుతాయి. మీరు మందు ఆపింది సరిగ్గా అవి అడుగున చీలుతున్నప్పుడు.

కాబట్టి వైద్యం నీళ్లకు చేయాలి. మీ తొట్టిలో రాళ్లు పోను నలభై అయిదు లీటర్లుంటాయనుకుందాం. వంద గ్రాముల రాళ్ల ఉప్పు (మన ఇస్కపల్లి ఉప్పయినా చాలు) విడిగా కరిగించి, ఒకటిన్నర రోజులో మూడు విడతలుగా పోయండి. మీది బోరు నీళ్లయితే ముందు మరిది దగ్గరున్న సాలినిటీ మీటరుతో (నీళ్లలో ఉప్పు కొలిచేది) చూడమనండి. కోస్తా బోర్లలో ఉప్పు ముందే ఉంటుంది. ఉప్పు పోశాక రెండు, మూడు పీపీటీ (లీటరు నీళ్లకు ఇన్ని గ్రాముల ఉప్పు అని) మధ్య ఉండాలి. మొక్కలుంటే ముందే తీసేయండి, తట్టుకోవు.

రాత్రి చలికి నీళ్లు చల్లబడితే ఈ క్రిమి బతుకు చక్రం నిదానించి రోజుల తరబడి సాగుతుంది. చిన్న హీటరు పెట్టి రోజుకు రెండు డిగ్రీల చొప్పున 28 దాకా తీసుకెళ్లండి. దాని చక్రం త్వరగా తిరిగి మన చేతికి చిక్కుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆపొద్దు. రోజు మార్చి రోజు సన్న పైపుతో అడుగు మురికి లాగేయండి, గూళ్లన్నీ అక్కడే ఉంటాయి. తీసిన నీళ్లకు సరిపడా ఉప్పే కలపండి. ఆవిరైన నీళ్లకు మాత్రం వద్దు, ఉప్పు ఆవిరి కాదు కదా. చివరి చుక్క పోయాక కూడా ఇంకో వారం ఇదే పద్ధతి.

టెట్రాసైక్లిన్ గొట్టం మాత్ర విప్పి తొట్టిలో వేయమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. అది బ్యాక్టీరియా మందు. ఇక్‌ను ఏమీ చేయదు, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను చంపుతుంది. మలకైట్ గ్రీన్ పనిచేస్తుంది కానీ, తినే చేపలకు వాడకూడనిది. ఆ మందు నీళ్లు గుంటల వైపు పోనివ్వొద్దు.

ఇంకోమాట. మగ గోల్డ్ ఫిష్‌కు ఈడొచ్చాక మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్లటి బుడిపెలు వస్తాయి. అవి జబ్బు కాదు. చుక్కలు తోక మీదా వీపు మీదా కూడా ఉంటేనే వైద్యం మొదలుపెట్టండి. ఈసారి కొత్త చేప తెస్తే మూడు వారాలు వేరే టబ్బులో ఉంచండి.

ప్రశ్న: కొత్త తొట్టి పెట్టి పది రోజులైంది. రోజుకో చేప పోతోంది. ఒంటి మీద మచ్చ కూడా లేదు. ఏ మందు వాడాలి? - ఒంగోలు పాఠకుడు

జవాబు: ఏ మందూ వద్దండి. వాటి విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా మీ ఫిల్టర్‌లో ఇంకా పుట్టలేదు, దానికి నెల పైన పడుతుంది. అప్పటిదాకా మేత సగానికి తగ్గించి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పోయండి. చనిపోయిన చేప స్థానంలో వెంటనే ఇంకోటి కొనకండి.