రష్యా జూనియర్ ఐస్ డాన్స్ ఛాంపియన్లు సీనియర్‌లో ఎందుకు తడబడతారు?

ప్రతిభ లేక కాదు, ఎక్కువగా రద్దీ వల్లే. ఐస్ డాన్స్‌లో (జంటలు మంచు మీద స్కేటింగ్ చేస్తూ నాట్యం చేసే పోటీ) 2010 నుంచి 2013 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచ జూనియర్ టైటిల్ రష్యా జంటలదే, కానీ సీనియర్ ప్రపంచ పోటీలకు ఒక దేశం నుంచి మహా అయితే మూడు జంటలే వెళ్తాయి, ఆ సీట్లలో అప్పటికే పాతవాళ్లు కూర్చుని ఉంటారు.

ఆట కూడా మారుతుంది. ఫ్రీ డాన్స్ (పోటీలో రెండోదైన, పొడవైన నృత్యం) జూనియర్‌లో మూడున్నర నిమిషాలు, సీనియర్‌లో నాలుగు. అర నిమిషమేగా అనిపిస్తుంది కానీ అలసట బయటపడేది అక్కడే.

ఇక జంటలు విడిపోవడం, అదో పెద్ద సీరియల్! 2010 విజేతలు ఇలినిఖ్, కత్సలపోవ్ 2014 సోచి ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి మరీ విడిపోయారు. 2012 విజేతలు సినిట్సినా, జిగాన్షిన్ కూడా 2014లోనే విడిపోగా, కత్సలపోవ్ సినిట్సినాతో, జిగాన్షిన్ ఇలినిఖ్‌తో జతకట్టారు. సినిట్సినా జంటకు ప్రపంచ టైటిల్ రావడానికి 2021 దాకా పట్టింది. 2011 విజేత జంటలోని ఖల్యావిన్ అయితే తర్వాత స్పెయిన్ తరఫున ఆడాడు.

2013 విజేతలు స్టెపనోవా, బుకిన్ మాత్రం విడిపోకుండా యూరోపియన్ పతకాలు తెచ్చుకున్నారు. నా దృష్టిలో వాళ్లదే సరైన దారి.

2022 మార్చి నుంచి రష్యా స్కేటర్లపై అంతర్జాతీయ పోటీల్లో నిషేధం రావడంతో, ఆ తర్వాత సీనియర్‌కి ఎదిగినవాళ్లకి చాలాకాలం దేశంలో జరిగే పోటీలే దిక్కయ్యాయి.