రెడీమేడ్ పట్టా కోసేముందు

రామచంద్రపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆరడుగుల ప్లైవుడ్ మీద బొమ్మ రైలుకి రెడీమేడ్ పట్టా ముక్కలతో కోటిపల్లి స్టేషన్ నమూనా వేద్దామన్న ఆలోచన బాగుందిరా. 2004లో కాకినాడ నుంచి మళ్లీ వేసిన ఆ లైను గోదారి దగ్గరికొచ్చి ఆగిపోతుంది కాబట్టి నువ్వు గుండ్రంగా తిప్పక్కర్లేదు. ఒక ప్లాట్‌ఫారం, ఇంజను అటునుంచి ఇటు వచ్చి తగులుకోడానికి ఒక లూపు, అంటే పక్కనుంచి వెళ్లి మళ్లీ కలిసే లైను, అంతే.

లూపు చివర 22 మిల్లీమీటర్లు ఖాళీ మిగిలిందన్నావు. అంత ముక్కే కోసి అక్కడ ఇరికించకు. అందులో ఉండేవి రెండు మూడు స్లీపర్లు, అదే పట్టాల కింది అడ్డ దిమ్మలు. రెండు పట్టా కొసల్ని కలిపే రేకు తొడుగు, అదే జాయింటర్, దూరడానికి అటూ ఇటూ చెక్కేస్తే పట్టాల్ని పట్టుకునేదేదీ మిగలదు, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) విచ్చుకుపోతుంది. పక్కనున్న 168 మిల్లీమీటర్ల ముక్క తీసెయ్యి. 168, 22 కలిపితే 190. రెండు తిన్నని ముక్కల్ని తలా 95కి కొయ్యి. కంపెనీ కొసలు బయటికి, నువ్వు కోసిన కొసలు ఎదురెదురుగా పెడితే మరమ్మతంతా ఒక్క అతుకు దగ్గరే. వంపు ముక్కల జోలికి మాత్రం పోకు. అవి కోస్తే కోణం మారిపోయి అవతలి కొస ఎక్కడో తేలుతుంది.

మూలమట్టం పెట్టి రెండు పట్టాల మీదా గీత గియ్యి. చిన్న చెక్కకి రెండు గాడులు చేసి, పట్టాలు వాటిలో కూర్చునేలా పైన బిగించు. లేకపోతే రంపం లాగినప్పుడల్లా పట్టా ప్లాస్టిక్ కొక్కేల్లోంచి ఊడొస్తుంది. సన్నపళ్ల రంపమే వాడు, తొందరపడకు. కోశాక ఆకురాయితో పట్టా అడుగున, లోపలి అంచున లేచిన గరుకు తీసెయ్యి. చక్రం అంచు రాసుకునేది ఆ లోపలి వైపే. తర్వాత చివరి స్లీపరు మీద కొక్కేలు చెక్కేసి జాయింటర్ తొడుగు. విడిపోయిన స్లీపర్లు పారెయ్యకు, పలచగా అరగదీసి తర్వాత కిందకి దూర్చొచ్చు.

కరెంటు తీగ పట్టాకి బయటివైపు అతికించు. ముందు తీగకీ పట్టాకీ విడివిడిగా సోల్డర్ పూసి పెట్టుకో, అటూ ఇటూ తడి దూది పెట్టు, సోల్డరింగ్ ఐరన్ ఆనించి వెంటనే తీసెయ్యి. ఆలస్యమైతే స్లీపర్లు కరిగిపోతాయి. యాసిడ్ ఫ్లక్స్ వద్దు, మన గాలిలో తేమకి ఆ చోటు పచ్చగా చిలుమెక్కుతుంది.

ఇక ఎండ సంగతి. నికెల్ సిల్వర్ పట్టా రెండు మీటర్ల మీద 20 డిగ్రీల తేడాకి అర మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది. చెక్క మాత్రం వానల్లో ఉబ్బి, ఎండల్లో ముడుచుకుంటుంది. అంటే మే నెలలో పట్టా పెరిగేసరికి బల్ల తగ్గుతుందన్నమాట! అందుకే వానాకాలంలో వేస్తే అతుకు అతుక్కీ పోస్టుకార్డు మందం సందు వదులు. బల్లకి పైనా కిందా అంచులకీ రంగెయ్యి.

1:87లో, అంటే అసలుకి 87 రెట్లు చిన్నగా చేస్తే, మన బ్రాడ్‌గేజ్ 19.3 మిల్లీమీటర్లు రావాలి, కొన్న పట్టాల్లో వచ్చేది 16.5. దాని గురించి దిగులు పడకు. బళ్లన్నీ ఆ కొలతకే దొరుకుతాయి. నాకైతే అంతకన్నా ఎక్కువ కొట్టొచ్చినట్టు కనపడేది రెండు లైన్ల మధ్య దూరం. సెట్ ట్రాక్‌లో, అదే ఈ రెడీమేడ్ ముక్కల్లో, 67 మిల్లీమీటర్లు. నిజం లైన్ల 5.3 మీటర్లు దించితే 61. పాయింట్ల (లైను రెండుగా చీలే ముక్కల) పొడుగు కాళ్లు కాస్త కోస్తే దగ్గరికి వస్తాయి, కానీ పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటుండే ఫ్రాగ్‌నీ, దాని పక్కన చక్రాన్ని దారి తప్పకుండా ఆపే గార్డు పట్టాల్నీ ముట్టుకోకూడదు. పైగా ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె ఆ స్కేల్లో 24 సెంటీమీటర్ల పైనే, వంపులో బాగా పక్కకి పొడుచుకొస్తుంది. ముందు రెండు పెట్టెలు పక్కపక్కన చేత్తో తోసి, రాసుకోవని తేలాకే రంపం ముట్టుకో.

నా దగ్గర పట్టాని బిగించి పట్టుకునే చిన్న వైసు ఒకటి ఖాళీగా ఉంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు ఆ పాయింట్లు కూడా తీసుకురా, కొయ్యకుండా.

మీ మావయ్య